బామ్మర్ది కోసం బాణం

మా తాత చిగుర్ల బయ్యన్నకు అబద్ధమాడటం చేతకాదు, అయినా మానడు. అబద్ధం చెప్పేటప్పుడు ఎడమ మీసం మెలేస్తాడు. కుడి మీసం మెలేయడానికి లేదు. ఎప్పుడో తేనెపట్టుకు పొగ పెట్టబోయి ఆ పక్క కాల్చుకున్నాడు, మళ్ళీ సరిగా మొలవలేదు. అందుకే ఒక పక్క నుంచి చూస్తే రాజులా, ఇంకో పక్క నుంచి చూస్తే ఎవరి కోడినో పట్టుకుని దొరికిపోయినవాడిలా ఉంటాడు. ఆ మాట నేను ఆయన మొహం మీదే అంటాను. "రాజు దిక్కు నిలబడి సూడు మరి, ఎవరొద్దన్నరు" అంటాడు.

మేము చెంచులం. నల్లమల అంచున ఉప్పుబండ పెంట మాది. పెంట అంటే నాలుగు గుడిసెల ఊరు. పులులకు అడవి కావాలని మమ్మల్ని అక్కడి నుంచి లేపి, మన్ననూరు రోడ్డు దిక్కున కాలనీలో పెట్టారు. పెద్ద దూరమేమీ కాదు. మా పాత ఊరి జాగా కాలనీ వెనక నుంచి కనిపిస్తూనే ఉంటుంది. మధ్యలో ఒక కందకం తవ్వారు, అంతే. కందకం ఈవల మేము, ఆవల అడవి. ఆవలి గట్టు దిగగానే ఇప్పచెట్ల కింద మా వాళ్ళను పూడ్చే బొందలగడ్డ ఉంది. మా అవ్వ గురువమ్మ అక్కడే ఉంది. మేము కాలనీకి రాకముందే పోయింది. సిమెంటు ఇంట్లో ఉడికిపోయే బాధ ఆమెకు తప్పింది.

తాతకు తెలిసిన పని బాణాలు చేయడం. వేట మానేసి చాలా కాలమైంది. ఇప్పుడు శ్రీశైలం పోయే కార్లవాళ్ళు ఆగి కొనుక్కుపోతారని చిన్న విల్లంబులు చేస్తాడు. వాటి కొనకు మా అమ్మ ఎర్ర రంగు పూస్తుంది. తాత వాటిని కూడా ఒక్కొక్కటే వేసి చూసి, వంకర పోతే సరిచేసి గానీ అమ్మడు. కొన్నవాళ్ళు టీవీ పక్కన గోడకు కొడతారు గదా, అది ఎటు పోతే ఏమిటని నేను ఎన్నిసార్లు అడిగానో. గోడ మీదున్నా అది బాణమేనంటాడు. ఒకసారి మన్ననూరులో ఏదో సభకు పిలిచి, ఒంటికి ఆకులు కట్టుకుని విల్లు పట్టుకోమన్నారు. తాత లుంగీ మీద ఆకులు కట్టుకుని నిలబడ్డాడు. ఫోటోలో ముళ్ళకంచెలో చిక్కుకున్న ముసలి మేకపోతులా ఉన్నాడు. ఆ ఫోటో నేను దాచిపెట్టుకున్నాను.

ఆయన బామ్మర్ది నిమ్మల ఈదన్న, మా అవ్వకు ఒక్కగానొక్క తమ్ముడు. మాకు రెండిళ్ళ అవతల ఉండేవాడు. ఆయన్ని కూడా నేను తాత అనే పిలిచేదాన్ని. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే తిట్టుకునేవారు, విడివిడిగా కూర్చుంటే ఒకరి గురించి ఒకరు అడిగేవారు.

మా వాళ్ళలో తేనె కోసం కొండచరియ దిగే మనిషికి పైన తాడు పట్టేది అన్నదమ్ములు కాదు, బామ్మర్ది. అన్నదమ్ములైతే ఏ పంపకాల దగ్గరో మనసు చెడి చేయి సడలిస్తారేమోనని భయం. బామ్మర్ది మాత్రం అక్క మొహం గుర్తొచ్చి వదలడు. తాత పెళ్ళయిన ఏటి నుంచి తేనెకు పోవడం మానేసిన దాకా ఆయన తాడు పట్టింది ఈదన్నే. ఒక ఏడు తాడు మధ్యలో రాయికి కోసుకుపోతుంటే, కిందికి చేతులు చాచి పడుకుని, తెగే చోటుకు అవతల పట్టుకుని లాగాడట. ఆయన అరచేతుల్లో అడ్డంగా ఒక మచ్చ ఉండేది. చెయ్యి చూసి జాతకం చెప్పేవాళ్ళు ఆ గీత ఏమిటో తెలియక పరేషాన్ అయ్యేవారు.

ఆ తాడుకు బదులు తీర్చే ఆచారం ఒకటుంది. మిగతా చెంచు పెంటల్లో ఉందో లేదో తెలియదు, మా పెంటలో ఉంది. ఆ ఇద్దరిలో ముందు పోయినవాడి గడప మీద రెండోవాడు నిలబడి అడవి దిక్కు బాణం వేయాలి. ఎక్కడ గుచ్చుకుని నిలబడితే అక్కడ బొంద తవ్వుతారు. ఒక్కటే బాణం. నిలబడకుండా పడుకుందంటే, పోయిన మనిషి ఆ నేలను ఒప్పుకోలేదని లెక్క. ఎక్కడ పూడ్చినా ఆయన కుదురుగా ఉండడు, తిరుగుతూనే ఉంటాడు. మా నేలంతా రాయి కాబట్టి మామూలు బాణం గుచ్చుకోదు. దానికోసం బాణం కొనకు తొడిగే ఒక బరువైన ఇనుప ములికి ఉంది. తాత ముత్తాతల నుంచి అదే. బొంద తవ్వాక దాన్ని తీసి కడిగి దాస్తారు, పుల్లను మాత్రం మనిషితో పాటు లోపల పెడతారు.

పోయినేడు ఎండాకాలంలో ఈదన్నకు దగ్గు మొదలైంది. అచ్చంపేట దవాఖానకు పోయాడు, అక్కడి నుంచి నాగర్‌కర్నూల్ పోయాడు. చివరికి ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయని, ఇంట్లో ఉంచుకుని తినేది పెట్టమని చెప్పి పంపారు. వచ్చిన రోజే తాతను పిలిపించుకున్నాడు. నేనూ వెంట పోయాను. కొడుకులకు చెప్పాల్సిన మాటేదో చెప్తాడనుకున్నాను.

"నన్ను అక్క పక్కన పెట్టాలె బావా" అన్నాడు. "కందకం దాటియ్యి."

"దాటిస్త" అన్నాడు తాత. చెయ్యి ఎడమ మీసం మీదికి పోయింది.

కందకం అవతల మనిషిని పూడ్చనిస్తారో లేదో ఎవరికీ తెలియదు. అక్కడ కాపలా ఉండే సాంసన్‌ను మా అమ్మ అడిగింది. అతను చాలాసేపు కాలితో మట్టి గీకి, తనకు ఎవరూ ఏమీ చెప్పలేదని, అటువంటి రోజు వస్తే తాను చాయ్ తాగడానికి రోడ్డు మీదికి పోతానని అన్నాడు. ఇక మిగిలింది బాణం దాటడమే.

బాణం పుల్లలాగా నిటారుగా పోతుందని అందరూ అనుకుంటారు. పోదు. నారి వెనక నుంచి తోస్తుంది, ముందున్న ఇనుము కదలనని మొరాయిస్తుంది, మధ్యలో పుల్ల నడుము వంగుతుంది. ఇటు వంగి, అటు వంగి, పాములా మెలికలు తిరిగి, తర్వాత సర్దుకుని పోతుంది. ములికి ఎంత బరువైతే నడుము అంత వంగుతుంది. కాబట్టి బరువు ములికికి గట్టి పుల్ల కావాలి. మరీ గట్టిదైతే వంగనే వంగదు, విల్లును రాసుకుని పక్కకు తన్నుకుంటుంది. ఈ రెండింటి మధ్య ఆ విల్లుకూ ఆ చేతికీ సరిపడే పుల్ల ఎక్కడో ఉంటుంది. దాన్ని దొరికించుకోవడమే తాత పని.

వెదురు పుల్లలు తెచ్చి, నిప్పుల మీద సెగ చూపించి వంకలు తీశాడు. ఈకలు కట్టకముందే ఉత్త పుల్లకు ములికి తొడిగి మట్టిదిబ్బ మీదికి వేసి చూస్తాడు. ఈకలు కడితే తప్పు దాక్కుంటుందట. ఉత్త పుల్ల దిబ్బలో గుచ్చుకున్నాక దాని తోక ఎటు వాలిందో చూడాలి. పుల్ల మెత్తనిదైతే ఒక పక్కకు వాలుతుంది, గట్టిదైతే రెండో పక్కకు.

ఈదన్న తన మంచం బయట వేయించుకున్నాడు. తన చావు బాణాన్ని తానే చూస్తూ పడుకున్నాడు.

"నేను సచ్చెలోపు అయితదా?" అనేవాడు.

"జర ఆగు. గంత తొందరేంది?" అనేవాడు తాత.

మొదటి పుల్ల పక్కకు కొట్టుకుంది. తాత దాన్ని విరిచి పొయ్యిలో పెట్టి, అంతకన్నా లావుది తీసుకున్నాడు. అది ఇంకా వంకరగా పోయింది. ఇంకా లావుది తీసుకున్నాడు. అది దిబ్బను తాకి పక్కకు పడుకుంది. ఆ ములికితో ఆయన బతుకంతా చూసిన తప్పు ఒక్కటే, పుల్ల మెత్తనిదై నడుము వంగిపోవడం. అందుకని ఏ తప్పు కనిపించినా లావు పుల్ల కోసమే వెతికాడు. వెదురు పచ్చిగా ఉందన్నాడు. వానగాలికి నారి సాగిందన్నాడు. ఎప్పుడో చచ్చిపోయిన కమ్మరిని కూడా తిట్టాడు. నేను దిబ్బ పక్కన నిలబడి, తాత ఇంకో రెండు పుల్లలు మారిస్తే బాణం బదులు రోకలి వేయాల్సి వస్తుందని అన్నాను. ఈదన్న నవ్వబోయి దగ్గు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. ఆ తర్వాత ఆయన ముందు జోకులు వేయడం తగ్గించాను.

ముసురు పట్టిన ఒక రోజు, తాత ఇంకో పుల్ల దిబ్బలో నుంచి పీకుతుంటే, మంచం మీది నుంచి ఈదన్న అన్నాడు.

"ఎన్ని పుల్లలు సంపుతవ్ బావా? అది సింతచెట్టు దిక్కు వాల్తలేదు, మా ఇంటి దిక్కు వాల్తుంది. పుల్ల మెత్తగ లేదు. గట్టిగుంది."

"గట్టిగెట్లుంటది? మొదటి సంది ఈ ములికికి లావు పుల్లనే."

"ముందుగాల ఏసిన పుల్ల గదే. ములికి గదే. విల్లు గదే. నీ చెయ్యే గది కాదు." ఈదన్న ఊపిరి కోసం ఆగాడు. "నారి చెవి దాకా వస్తుండె నీకు. ఇప్పుడు గడ్డం కాడ నిలబడుతుంది. చెయ్యి గుంజకుంటే గంత గట్టి పుల్ల యాడ వంగుతది?"

తాత ములికి ఊడదీసి లుంగీ కొంగులో కట్టుకుని ఇంట్లోకి పోయాడు. రెండు మూడు రోజులు విల్లు ముట్టలేదు. పొద్దున లేవగానే రోడ్డు మీదికి పోయి చాయ్ దుకాణం దగ్గర కూర్చునేవాడు. ఆయనకు చాయ్ పడదు. మా అమ్మ అన్నం పెడితే ఎడమ చేత్తో ఈగలు తోలుతూ కూర్చునేవాడు. అప్పుడు గమనించాను, కుడి చేత్తో కంచం కూడా తనవైపు లాక్కోవడం లేదని. ఆయన చెయ్యి అలా అయిందని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పుల్లకు ముందు తెలిసింది.

తర్వాత ఒక మధ్యాహ్నం సన్న పుల్ల ఒకటి తీసుకుని గీకడం మొదలుపెట్టాడు. కొంచెం గీకడం, వేయడం. మళ్ళీ కొంచెం గీకడం, వేయడం. తోక వాలడం తగ్గుతూ వచ్చింది. చీకటి పడకముందే ఉత్త పుల్ల దిబ్బలో నిటారుగా గుచ్చుకుంది. ఎటూ వాలలేదు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. తాత మొహం చూసి ఊరుకున్నాను. ఆ పుల్ల ముసలివాడికి సరిపడే పుల్ల. దానికి ఈకలు కట్టి, నేను తప్ప ఎవరూ చూడనప్పుడు ఈదన్న గడప నుంచి కందకం దిక్కు వేసి చూశాడు. చక్కగా పోయింది. చక్కగా నిలబడింది. కందకం ఈవలే.

ములికి బరువు, చెయ్యి బలహీనం, అంతకన్నా పోదు. తేలిక ములికి పెడితే దాటుతుందేమోనని నేనన్నాను. దాటుతుందట, కానీ రాయి మీద పడుకుంటుందట. పాత కొలత లావు పుల్లను చెవి దాకా గుంజగలిగితే దాటుతుంది, నిలబడుతుంది. తాత గుంజి చూశాడు. భుజంలో ఏదో కలుక్కుమన్న చప్పుడు నాకు వినిపించింది. రెండడుగులు ముందుకు జరిగి వేస్తే ఎవరు చూస్తారని అడిగాను. గడప మీద నిలబడకపోతే అది బాణమే కాదన్నాడు. కాలనీలో పడుచువాళ్ళు ఎంతమంది లేరు, వాళ్ళనే వేయమందామని అన్నాను. ఆ మాటకు మాత్రం కోపం వచ్చింది.

"వాడు నా తాడు పట్టుకున్నప్పుడు ఇంకోన్ని పిలిచిండా?" అన్నాడు.

ఈదన్నకు రోజురోజుకూ మాట తగ్గింది. ఒక సాయంత్రం తాత ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాడు. నేను జావ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఈదన్న కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"దాటుతదా బావా?"

"దాటుతది."

"మీసం ఇడువు."

తాత చెయ్యి కిందికి దించాడు. తర్వాత ఈదన్న కళ్ళు తెరిచి కందకం దిక్కు చూశాడు. మంచం మీది నుంచి గట్టు తప్ప ఏమీ కనిపించదు.

"దాటకుంటే దాటకపాయె" అన్నాడు. "నిలబడేది ఎయ్యి. ఆశకు పోయి పండుకునేది ఏసి నన్ను తిప్పకు."

తాత తల ఊపాడో లేదో నాకు కనిపించలేదు. జావ ఈదన్న తాగలేదు. తాతకిస్తే తానూ తాగలేదు. ఇంటికి తెచ్చి కుక్కకు పోశాను.

శ్రావణం మొదట్లో ఒక పొద్దున ఈదన్న పోయాడు. వాన లేదు గానీ మబ్బు దిగి ఉంది. సాంసన్ మా వైపు చూడకుండా, మాట ప్రకారం, రోడ్డు మీదికి పోయాడు. ఆడవాళ్ళ ఏడుపు ఆగాక అందరూ పక్కలకు జరిగి గడప ముందు దారి ఇచ్చారు. తాత రెండు బాణాలు తెచ్చాడు, ఒకటి లావుది, ఒకటి సన్నది. రెండింటికీ ఈకలు కట్టి ఉన్నాయి. ములికి ఒక్కటే. అది లావు పుల్లకు తొడిగి ఉంది.

ఈదన్న చెప్పింది విన్నది మేమిద్దరమే. కాలనీలో అందరూ దాటుతుందనే చూస్తున్నారు. తాత లావు బాణాన్ని నారికి ఆనించి గుంజాడు. నారి గడ్డం దాకా వచ్చి ఆగింది. ఇంకొంచెం వచ్చింది. మెడ నరాలు పైకి తేలాయి, చెవికీ నారికీ మధ్య అరచేయి పట్టేంత సందు మిగిలింది. అక్కడే చాలాసేపు నిలబడ్డాడు. వదిలేస్తాడేమో అనుకున్నాను. వదిలేస్తే దాటుతుందేమో, దాటి పడుకుంటుందేమో, ఎవరికి తెలుసు. ఆయన మెల్లగా నారిని వదలకుండా సడలించాడు.

గడప మీదే కూర్చుని ములికి ఊడదీసి సన్న పుల్లకు తొడిగాడు. ఎవరో ముసలామె, ఏమయ్యా బయ్యన్నా, అది దాటదు గదా అంది. తాత వినిపించుకోలేదు. లేచి, గడ్డం దాకానే గుంజి, వదిలాడు.

అంత చక్కగా పోయిన బాణాన్ని నేను మళ్ళీ చూడలేదు. ఎక్కడా ఊగలేదు. కాలనీ పిల్లలు క్రికెట్ ఆడే జాగా అంచున, కందకానికి ఈవల, రాళ్ళ మధ్య దిగి నిటారుగా నిలబడింది. ఈదన్న పెద్ద కొడుకు దాన్ని చూసి, ఆవలి గట్టు చూసి, గడ్డపార తీసుకుని బాణం దగ్గరికి నడిచాడు. తాతను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

తవ్వడానికి చాలాసేపు పట్టింది. అంతా రాయే. సాంసన్ తిరిగొచ్చి, తాను ఊరికే పోయానని అర్థమై, టోపీ తీసి చేత పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. పూడ్చడం అయ్యాక పిల్లలు వికెట్ల రాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అక్కడక్కడే తిరిగారు.

అందరూ స్నానాలు చేసి తినడానికి కూర్చున్నప్పుడు తాత లేడు. వెతుకుతూ పోతే కందకం గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఇప్పచెట్లు చూస్తున్నాడు. తుంపర మొదలైంది. నేను పక్కన కూర్చున్నాను.

"మీ అవ్వకు ఒక్కడే తమ్ముడు" అన్నాడు.

ఆ సంగతి నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఇప్పుడెందుకు చెప్తున్నాడో అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

"నా గడప మీద నిలబడేటోడు ఇగ లేడు" అన్నాడు. "నేను తిరిగేటోన్నే."

ఎవరైనా ఒకరు వేస్తారులే, ఆచారం మారుద్దాం అని చెప్పబోయాను. ఆయన మొహం మీదే నోటికి ఏదొస్తే అది అనే నేను ఆ మాట అనలేకపోయాను. ఇంకోన్ని పిలిచిండా అని ఆయన అడిగింది నేను వినే ఉన్నాను గదా.

"తిరుగుదువులే" అన్నాను. "ఇప్పుడైతే నడు తాతా, తడుస్తున్నవ్."

లేవడానికి చెయ్యి అందించాను. ఆయన కుడిచెయ్యి ఎత్తబోయి, అది భుజం దాకా లేవక, మెల్లగా దించేసుకుని ఎడమచెయ్యి ఇచ్చాడు.